పాల్ వాల్డెన్

ఉప్పును నీటిలో కరగించినచో, ఆ నీటిగుండ విద్యుత్తు సులభముగా ప్రవహించును. ఉప్పు కరగునప్పుడు దానిలోని ధనావేశము గల కణములును, ఋణావేశము గల కణములును విడివడి సంచరించుటయే ఇందులకు కారణము. ఈ కణములకు అయానులని పేరు. ఘనరూపమున నున్న ఉప్పులో నవి కదలజాలవు. నీరు లేకుండ వానిని కదలింపవలెనన్న, ఉప్పును 801 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచి కరగింపవలెను. నీరును లేక, అంతటి వేడియు లేక, లవణము ద్రవముగా నుండుట సాధ్యమేనా? ఈ ప్రశ్నకు ఉత్తరము చూపిన రసాయన శాస్త్రజ్ఞుడు పాల్ వాల్డెన్.

వాల్డెన్ 1863వ సంవత్సరము జూలై నెలలో, నేటి లాట్వియా దేశములోని ఒక పల్లెయందు, కర్షక కుటుంబమున జన్మించెను. ఆ ప్రాంతము నాడు రష్యా సామ్రాజ్యములోనిది. అతనికి నాలుగేండ్ల వయస్సున తండ్రి మరణించెను. పదియేండ్లకు తల్లియు గతించెను. అన్నల సాయముతో అతడు రీగా నగరమున చదువు సాగించెను. 1882లో అక్కడి పాలిటెక్నిక్ విద్యాలయమున జేరి, ఆస్ట్వాల్డ్ అను ప్రసిద్ధ ఆచార్యుని శిష్యుడయ్యెను. లవణ ద్రావణములలో విద్యుత్తు ఎట్లు ప్రవహించునో పరిశీలించుట ఆ గురువు అతనికి నేర్పిన విద్య. జీవితాంతము అతడు ఆ విద్యను విడువలేదు.

1894లో వాల్డెన్ తాను చదివిన విద్యాలయముననే ఆచార్యుడయ్యెను. గాలివానలో గొడుగు వెనుకకు తిరుగబడునట్లు, కొన్ని రసాయన చర్యలలో అణువు యొక్క ఆకృతి తలక్రిందు లగునని 1896లో ఆయన చేసిన పరిశోధన వెల్లడించినది. రసాయన శాస్త్రము చదువు విద్యార్థులు నేటికిని ఆ మార్పును ఆయన పేరుతోనే పిలుతురు. ద్రవము ఆముదమువలె చిక్కనైన కొలది అందు అయానుల నడక మందగించి, విద్యుత్ప్రవాహము తగ్గునని తెలుపు నియమమును గూడ ఆయన ఏర్పరచెను.

1910లో సెంట్ పీటర్స్‌బర్గ్ విజ్ఞాన పరిషత్తు ఆయనను సభ్యునిగా స్వీకరించెను. కరిగిన లవణముల స్వభావమును పరిశీలింపవలెనని ఆయన సంకల్పము. కాని తీవ్రమైన వేడిలో కొలతలు తీయుట కష్టము. తక్కువ వేడికే కరగు లవణములను ఆయన వెదకసాగెను. 1914లో ఇథైల్ అమోనియం నైట్రేటు అను లవణమును పరీక్షింపగా, అది 12 డిగ్రీలకే కరగుచున్నదని తేలినది. సామాన్యమైన గదిలో అది నీటివలె పాత్రలో నిలిచినది. అందు నీటిచుక్కయైనను లేదు, అంతయు అయానులే! ఇట్టివానినే ఇప్పుడు అయానిక ద్రవములని పిలుచుచున్నారు.

ఆ సంవత్సరముననే మొదటి ప్రపంచయుద్ధ మారంభమయ్యెను. ఆ పరిశోధనను చాలకాలము ఎక్కువమంది పట్టించుకొనలేదు. యుద్ధము వెంట విప్లవము వచ్చినది. 1919లో వాల్డెన్ జన్మభూమిని విడిచి జర్మనీకి పోయి, రోస్టాక్ నగరమున ఆచార్య పదవి స్వీకరించెను. 1942లో ఆ నగరముపై బాంబులు కురిసినప్పుడు, ఆయన జీవితమంతయు కూర్చుకొన్న గ్రంథాలయము కాలిపోయినది. అప్పటి కాయనకు డెబ్బది యెనిమిదేండ్లు. అయినను ఆయన క్రుంగిపోలేదు. యుద్ధానంతరము ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమున రసాయన శాస్త్ర చరిత్రను బోధించెను. పుస్తకములు దగ్ధమైనను, చదివిన విద్య ఆయనను విడిచిపోలేదు. 1957 జనవరి నెలలో, తొంబదిమూడవ యేట, ఆయన పరమపదించెను.

తిరువూరు వంటి మన పట్టణములలో నేడు చేతిఫోను లేని ఇల్లు అరుదు. ఆ ఫోనులో లిథియం అయాన్ బ్యాటరీ యుండును. లిథియం అయానులు దానిలో ఒక ధ్రువమునుండి మరియొక ధ్రువమునకు ద్రవము గుండ ప్రయాణించును. సామాన్యముగా వాడు ఆ ద్రవము నిప్పంటుకొను స్వభావము కలది. బ్యాటరీ దెబ్బతిని మిక్కిలి వేడెక్కినచో ప్రమాదము కలుగవచ్చును. అయానిక ద్రవములు సాధారణముగా ఆవిరి గావు, సులభముగా మండవు. అందుచేత వానిని బ్యాటరీలలో వాడుటకు శాస్త్రజ్ఞులు కృషి చేయుచున్నారు. వాల్డెన్ పరీక్షించిన లవణము ఈ పనికి తగినది కాదు. దాని జాతికి చెందిన వేరు ద్రవములు కావలెను. అవియు చిక్కనైనవి, వెల హెచ్చు గలవి. చిక్కనైన ద్రవములో అయానులు మందముగా నడచునని చెప్పిన వాల్డెన్ నియమమే నేటి పరిశోధకులకు ఎదురుగా నిలిచినది.

తిరువూరు ప్రాంతమున మామిడితోటలు పెక్కు గలవు. టెంక నాటినవాడు ఫలము తినకపోవచ్చును. అంతమాత్రమున నాటిన శ్రమ వృథా కాదు. ఫలమెప్పుడు వచ్చునో తెలియకున్నను సత్యమును ఓపికతో వెదకుట విద్యార్థి ధర్మమని వాల్డెన్ జీవితము బోధించుచున్నది.