హెన్రీ మాడ్‌స్లే: పనిముట్లకు పనిముట్టు చేసిన కమ్మరి

నేడు మన మొక యంగడిలో బోల్టును, వేఱొక యంగడిలో అదే కొలత గల నట్టును గొన్నచో ఆ రెండును చక్కగా నమరును. దీనిని మనము వింతగా నెంచము. కాని రెండువందల యేండ్లకు పూర్వ మిట్లుండలేదు. ఒక్కొక్క బోల్టునకు దానితోడ చేసిన నట్టే తగును గాని మఱియొకటి తగదు. యంత్రమును విప్పునపుడు జతలు కలిసిపోకుండ గుర్తులు పెట్టుకొనవలసివచ్చెడిది. ఈ లోపమును దీర్చుటకు పాటుపడిన ముఖ్యులలో నొకడు ఇంగ్లాండు దేశీయుడగు హెన్రీ మాడ్‌స్లే. ఇతడు పెద్దచదువులు చదివినవాడు కాడు. కమ్మరికొట్టమే యితనికి పాఠశాల.

మాడ్‌స్లే 1771వ సంవత్సరము ఆగష్టు 22వ తేదీని లండనునకు సమీపమున, థేమ్సు నదీతీరమందలి వూలిచ్ పట్టణమున జన్మించెను. తండ్రి బండిచక్రములు చేయు వడ్రంగి. అతడు సైన్యమున జేరి గాయపడి, పిమ్మట నా పట్టణమందలి ప్రభుత్వాయుధాగారమున పనిచేసెను. కుటుంబము బీదది. అందుచే హెన్రీ 12వ యేటనే ఆ యాయుధాగారమున తూటాలలో మందు నింపు పనికి కుదిరెను. రెండేండ్లకు నతనిని వడ్రంగిశాలకు మార్చిరి. కాని బాలుని మనస్సు కఱ్ఱపై నిలువక కొలిమివైపునకే పోవుచుండెను. తుదకు 15వ యేట నతనికి కమ్మరిశాలలో ప్రవేశము దొరకెను. ఆకురాయి పట్టుటలో నతనికి గల నేర్పు కొలదికాలములోనే చుట్టుప్రక్కల పనివారందఱకును తెలిసెను.

ఆ కాలమున లండనులో జోసఫ్ బ్రామా యను యంత్రశిల్పి, దొంగలకు లోబడని క్రొత్తరకపు తాళమును కనిపెట్టి 1784లో దానికి పేటెంటు హక్కు పొందియుండెను. తాళము యుక్తి గొప్పదే గాని, దాని సూక్ష్మభాగములను తప్పులేక చేయగల పనివారు దొరకక యతడు చిక్కుపడుచుండెను. 1789లో మాడ్‌స్లే 18 యేండ్ల ప్రాయమున నతని కర్మశాలలో జేరి, కొలదికాలములోనే పనివారికి పెద్ద యయ్యెను. తాళపుచెవి లేకయే తెఱచిన వానికి 200 గినీలు బహుమాన మిత్తునని బ్రామా తన యంగడి కిటికీలో నుంచిన తాళమును చేసినది మాడ్‌స్లేయే. అది 1851వఱకు నెవ్వరికిని లొంగలేదు. ఆ యేట హాబ్స్ అను అమెరికా దేశీయుడు పదునాఱు దినములలో ఏబది గంటలకు పైగా శ్రమించి దానిని తెఱచెను.

ఇచట లోహపుపనిలో తరిమెన స్థితి యెట్లుండెనో చెప్పవలసియున్నది. దీనినే మనము లేతు అనియు నందుము. మన లక్కబొమ్మల పనివారు తరిమెనపై తిరుగుచున్న కఱ్ఱకు ఉలిని చేత నానించి బొమ్మను తీర్తురుగదా! ఇంగ్లాండులోని యంత్రశిల్పులును ఇనుమును, ఇత్తడిని సామాన్యముగా నిట్లే తఱుగుచుండిరి. కఱ్ఱ మెత్తనిది, ఇనుము మొండిది. ఇనుము పొడవునను ఉలి నొకే లోతున చేత నడుపుట మహానిపుణునకును దుర్ఘటము. చేయి యలసిన కొలదిని పని చెడును. నిపుణుడు మరణించినచో నేర్పు నతనితోనే పోవును.

మాడ్‌స్లే యీ లోపమునకు విరుగుడుగా తరిమెనకు అమర్చదగిన యొక యుపకరణమును సిద్ధపఱచెను. ఉలిని చేత పట్టక ఇనుప పీఠమున బిగించి, ఆ పీఠము సమమైన పట్టాలమీద ముందునకును ప్రక్కకును జారునట్లు చేసెను. పనివాడు పిడిని త్రిప్పిన చాలును. ఉలి తొట్రుపడక నడచును. దీనినే స్లైడ్ రెస్టు, అనగా జారుడు పీఠ మందురు. ఇట్టి యుపాయము నితరులు మునుపే యాలోచింపకపోలేదు. ఫ్రాన్సులో కొందఱు చేసియు నుండిరి. అయినను దానిని దృఢముగా, తప్పులేకుండ చేసి యింగ్లాండు కర్మశాలలలో నాటినవాడు మాడ్‌స్లే.

1791లో మాడ్‌స్లే బ్రామా యింట పనిచేయు సారా యను కన్యను వివాహమాడెను. కుటుంబము పెరుగుచుండ 1797లో నతడు జీతము పెంచుమని యజమానిని వేడెను. ఎనిమిదేండ్లు మిక్కిలి శ్రద్ధతో పనిచేసినను బ్రామా యంగీకరింపలేదు. అంత మాడ్‌స్లే కొలువు విడిచి, లండనులో వెల్సు వీధియం దొక చిన్న కొట్టమును కొలిమితో సహా అద్దెకు దీసికొనెను. అది మిక్కిలి పాడువడి మురికితో నిండియుండెను. భార్యాభర్త లిరువురును కలిసి దానిని కడిగి, సున్నము కొట్టి, రెండు దినములలో పనికి సిద్ధము చేసిరి. చిత్రకారు డొకడు తన పటములను నిలుపు పెద్ద చట్రమునకు ఇనుపపని చేయింప వచ్చెను. అదియే వారి మొదటి సంపాదన.

ఈ కొట్టమున నారంభమైన పనులలో మిక్కిలి ముఖ్యమైనది తప్పులేని మరలను చేయుట. ఇందులో నొక చిక్కు గలదు. మంచి మరను కోయుటకు మంచి మర గల యంత్రము కావలెను. ఆ యంత్రమునకు మరల మంచి మర కావలెను. మొదటి మర యెట్లు పుట్టును? మాడ్‌స్లే మెత్తని లోహపుకడ్డీని త్రిప్పుచు, దానిపై వాలుగా నిలిపిన కత్తిని నొక్కెను. ఆ కత్తి తన వాలు ననుసరించి కడ్డీపై చుట్టు కోసికొనుచు ముందునకు సాగెను. అట్లు దొరకిన మరను పరీక్షించి, తప్పులు దిద్ది, దానిచే నంతకంటె మేలైన మరను కోయుచు వచ్చెను. సుమారు 1800 నాటికి నతని తరిమెన పూర్తి ఇనుముతో నిర్మింపబడినది. అందు పనియు, ఉలిని నడుపు మరయు పండ్లచక్రములచే కలుపబడియుండును. చక్రములను మార్చిన చుట్టులు దగ్గఱగా నైనను దూరముగా నైనను పడును. ఆ తరిమెన లండను సైన్సు మ్యూజియమున భద్రపఱుపబడినది.

ఇంతలో నతనికి నౌకాదళపు పని లభించెను. ఓడల త్రాళ్ళు నడుచుటకు ఆ దళమునకు ఏటేట సుమారు 100,000 కప్పీలు కావలసియుండెను. వానిని యంత్రములచే చేయు పద్ధతిని మార్క్ బ్రునెల్ కల్పించెను. నలువదికి పైబడిన యా యంత్రములను మాడ్‌స్లే నిర్మించి పోర్ట్స్‌మత్ ఓడరేవునకు పంపెను. 1808 నాటికి, మునుపు 110 మంది నిపుణులు చేయు పనిని నేర్పులేని 10 మంది చేయగలిగిరి. దేశమునకు లాభమే. కాని నూర్గురు కప్పీపనివారి చేతినేర్పునకు వెల తగ్గిన మాటయు మనము మఱువరాదు. యంత్రము మేలు చేయునపు డా మేలు ఎవరికి చెందవలెనను ప్రశ్న యానాడే పుట్టినది.

1810లో నతడు లాంబెత్‌నకు కర్మశాలను మార్చి, అచట ఓడలకు వలయు ఆవిరియంత్రములను గూడ నిర్మించెను. ధనము వచ్చినను తానే యాకురాయి పట్టుట మానలేదు. అంగుళములో పదివేలవ వంతును కొలుచు నొక కొలతయంత్రమును చేసి, దానికి లార్డ్ ఛాన్సలర్ అని పేరిడెను. పనివారిలో వివాద మేర్పడినచో తీర్పు దానిదే. యజమాని మాటయు దానికి లోబడవలసినదే. పనివారు తమ పనిని పరీక్షించుకొనుటకు తప్పులేని సమతలపు ఇనుపపలకలను వారి బల్లలపై నుంచెను.

ఈ క్రమశిక్షణ వ్యర్థము కాలేదు. లోహమును చదునుచేయు యంత్రమును నిర్మించిన రిచర్డు రాబర్ట్సు, ఆవిరిసమ్మెటను కల్పించిన జేమ్సు నాస్మిత్, 1841లో దేశమంతటికి మరచుట్టు లొకే తీరున నుండవలెనని ప్రతిపాదించిన జోసఫ్ విట్‌వర్త్ - వీరందఱు నతని కర్మశాలలో పనిచేసినవారే. బ్రామా తన యుత్తమశిష్యుని నిలుపుకొనలేకపోయెను. మాడ్‌స్లే తన నేర్పును శిష్యులకు దాచక పంచెను.

1831 ప్రారంభమున నతడు ఫ్రాన్సులో వ్యాధిగ్రస్తుడైన మిత్రుని చూచి తిరిగి వచ్చుచు, సముద్రముపై చలి సోకి, ఫిబ్రవరి 14వ తేదీని మరణించెను. తాను పుట్టిన వూలిచ్‌లోనే సమాధి చేయబడెను. సమాధిపై నిలిపిన పోతయినుప చిహ్నము సయితము తాను ముందుగా నేర్పఱచిన నమూనాయే.

విద్యార్థులారా! చేతిపని తరగతిలో మీ యులి వంకరపోయినపుడు ఉలిని నిందింపకుడు. చేతిని నిందించి యూరకుండకుడు. మాడ్‌స్లే తన చేతి లోపము నెఱిగి, ఆ చేతికి తోడుగా నుండు పరికరమును తానే చేసికొనెను. మొదటి మర వంకరయే. దానిని దిద్దుటలోనే రెండవది మేలయ్యెను. మన చదువునకును, మన నడవడికిని మార్గ మిదియే.