బడికి బాట వేసిన భాగ్యరెడ్డి వర్మ

సికింద్రాబాదు హైదరాబాదునకు జంటనగరము. హుస్సేన్‌సాగరమునకు ఉత్తరముగా, నిజాము సికందర్ జాహ పేరిట, 1806వ సంవత్సరమున అది వెలసినది. ఆంగ్లేయ సేనలు అచ్చట విడిసి యుండుటచే జనులు దానిని లష్కరు అనిరి. లష్కరు బోనాలు అను మాటలో ఆ పేరు నేటికిని నిలిచి యున్నది. దొరల బంగళాలకు వంటవారు, సాయీసులు, తోటమాలులు, బట్లర్లు కావలసి వచ్చిరి. పల్లెలలో వెట్టిచాకిరికి అలసిన మాల, మాదిగ కుటుంబములు అనేకము ఆ పనులకై పట్టణము చేరెను. ఊరి వెలుపల వాడలలో బ్రదికినవారికి అచ్చట నెలజీతము చేతికి వచ్చెను. చదువు మాత్రము, మిషనరీల బడులలో చేరిన కొద్దిమందికి తప్ప, అందలేదు.

అట్లు ఆ పట్టణమునకు వచ్చిన బాలురలో మాదరి భాగయ్య ఒకడు. అతడు 1888వ సంవత్సరము మే 22వ తేదీన హైదరాబాదులో, మాల కులమున, వెంకయ్య, రంగమాంబ దంపతులకు జన్మించెను. బాల్యముననే ఇల్లు విడిచి సికింద్రాబాదు చేరి, డాస్ సాంటోస్ అను బారిష్టరు ఇంట పనికి కుదిరెను. పనివాడుగా చేరిన పిల్లవాడు ఆ ఇంట లోకజ్ఞానము సంపాదించెను. తనవారి దైన్యమునకు విధివ్రాత కారణము కాదనియు, అవిద్యయు, అవమానమును కారణములనియు అతనికి తోచినది. కులగురువు అతనికి భాగ్యరెడ్డి అని పేరు మార్చెను. రెడ్డి యనగా రేడు, అనగా పాలకుడు. ఈ నేల నేలిన మొదటి ప్రజలు తామేయని తెలుపుటకే ఆ పేరు. తరువాత 1913లో ఆర్యసమాజమువారు ఆయనకు వర్మ అను బిరుదము నొసగిరి.

ఆ కాలమున అంటరానివారని పిలువబడిన కులముల బిడ్డలు బడికి పోకుండుటకు ఒకటి గాదు, పెక్కు కారణములు గలవు. ఇతరుల బడులలో వారిని చేర్చుకొనరు. చేర్చుకొన్నను వేరుగా కూర్చుండబెట్టెదరు. ఇది ఎల్లరును ఎఱిగినదే. అంతగా ఎఱుగని కారణము మరియొకటి కలదు. పదియేండ్ల పిల్లవాడు పశువులను కాచినను, దొరగారింట గిన్నెలు తోమినను, ఆ ఇంటికి ఆ పూట గంజి దొరకును. వానిని బడికి పంపుట యనగా ఆ గంజిని వదలుకొనుట. తాతతండ్రులెవ్వరును పలక పట్టని ఇంట, ఎన్నడో రాబోవు ఫలమునకై నేటి కూలిని వదలుకొమ్మని ఏ పంతులు చెప్పినను ఏ తల్లి నమ్మును? ఆమె అజ్ఞానముచే వద్దనుట లేదు. ఇల్లు గడుపుట ఎట్లో తెలిసి వద్దనుచున్నది. బడి కట్టుటకు ముందు ఈ తల్లిదండ్రులతో మాటాడవలెనని భాగ్యరెడ్డి గ్రహించెను. ఆయన పనియందలి విశేషమంతయు ఇందే యున్నది.

అక్షరము రానివారికి జాబులు వ్రాసి ప్రయోజనము లేదు. సభ పెట్టి ఉపన్యసించినచో దినమంతయు కాయకష్టము చేసినవారు వచ్చి కూర్చుండరు. కాని హరికథ యన్నచో ఏ వాడయైనను కదలివచ్చును. చిడతల సవ్వడి వినబడగానే ముసలివారు, ఆడువారు, చంకబిడ్డలతో సహా చేరుదురు. 1906వ సంవత్సరమున, తన పదునెనిమిదవ యేట, భాగ్యరెడ్డి జగన్మిత్ర మండలిని స్థాపించి, హరికథా కాలక్షేపముల ద్వారా వాడలలో ప్రచారము సాగించెను. వారికి తెలిసిన కథలోనుండియే వారికి తెలియని విషయములు తెలిపెడి పద్ధతి యిది. తమ వాడకు వచ్చి, తమ నడుమ నిలిచి, తమ భాషలో చెప్పువానిని జనులు పరాయివానిగా చూడలేదు. తరువాతి కాలమున ఆయన వేలకొలది ఉపన్యాసము లిచ్చెను గాని, వాటికి పునాది ఈ హరికథలే యని చెప్పవచ్చును.

ఇట్లు నాలుగేండ్లు గడచిన పిదపనే, 1910లో, మొదటి పాఠశాల వెలసినది. హైదరాబాదులోని ఇసామియా బజారు అందుకు స్థానమైనది. ఆ పాఠశాలలలో బోధన తెలుగున జరిగెను. ఇది చిన్న విషయముగా తోచవచ్చును. నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. కొలువునకు, కచేరీకి, పై చదువునకు అదియే ద్వారము. జనులలో అధికసంఖ్యాకుల యింటిభాష తెలుగు. ఇంటిలో ఎవ్వరికిని రాని భాషలో పిల్లవాడు పాఠము వల్లించినచో తల్లికి అది వట్టి సవ్వడి. తెలుగున వల్లించినచో ఆమె పొయ్యి యొద్ద కూర్చుండియే వినును. తన బిడ్డ ఏమి నేర్చుచున్నాడో, ఏమియు నేర్చుట లేదో కూడ గుర్తించును. అక్షరము రాకున్నను ఆమెకు బడిలో జరుగుదానిపై ఒక అధికారము కలిగినది. ఉర్దూలో చదివిన వారికి దొరకు కొలువులు తెలుగు చదివినవారికి దొరకవు గదా యను ఆక్షేపణ లేకపోలేదు. అది కొట్టివేయదగినది కాదు. అయినను అక్షరమే ఎఱుగని ఇంట మొదటి అక్షరము తల్లిభాషలో పడవలెనన్న నిర్ణయము సరియైనదే.

1911లో జగన్మిత్ర మండలి మన్యసంఘముగా మారెను. పిదప అదియే ఆదిహిందూ సోషల్ సర్వీస్ లీగు అను పేరు దాల్చెను. కేశవరావు కోరట్కర్, వామన్ నాయక్ వంటి సంస్కర్తలు భాగ్యరెడ్డికి తోడ్పడిరి. ధనము ఒకరిచ్చినను, బడికి పిల్లలను ఇయ్యవలసినవారు వాడలలోని తల్లిదండ్రులే. వారి యిండ్లలోని చిక్కులను వదలి చదువు మాట మాత్రమే చెప్పినచో పని సాగదని ఆయనకు తెలియును. పెండ్లియైనను చావైనను కల్లు లేక జరుగని కాలమది. తండ్రి కూలి కల్లుపాకలో కరగిపోయినచో పలకకు కాసు మిగులదు. అందుచే మద్యపానమును మానుడని ఆయన తిరిగి తిరిగి చెప్పెను. ఆడపిల్లలను జోగినులుగా విడుచు దురాచారమును, బాల్యవివాహములను ఎదిరించెను. కులతగవులు కచేరీల కెక్కి కుటుంబములు అప్పుల పాలు గాకుండునట్లు పంచాయతీలను ఏర్పరచెను. ఇవి వేరువేరు ఉద్యమములుగా చరిత్ర గ్రంథములలో కనబడును. ఆ వాడలలో బ్రదికినవారికి ఇవన్నియు ఒక్క యింటి కష్టములే.

మరియొక చిక్కు పేరును గూర్చినది. బడి పట్టికలో బిడ్డ పేరు వ్రాయించునపుడు కులము చెప్పవలసి వచ్చును. ఇతరులు పెట్టిన హీననామమును పంతులు ఎదుట పలుకుటకు ఏ తండ్రికైనను నోరు రాదు. 1917 నవంబరులో బెజవాడయందు ప్రథమ ఆంధ్రదేశ పంచమ మహాసభ జరిగినది. దానికి అధ్యక్షుడుగా పిలువబడిన భాగ్యరెడ్డి వర్మ, ఆ పంచమ శబ్దమునే నిరాకరించెను. నాలుగు వర్ణములకు చివర అయిదవవారుగా తగిలింపబడినవారము కాము, ఈ దేశపు ఆదివాసులము అన్నది ఆయన వాదము. సభవారు దానిని అంగీకరించి, సభ పేరును ఆది ఆంధ్ర మహాజన సభగా మార్చిరి. అధ్యక్షుడు సభ పేరునే కాదనుట అరుదు! నిజాము రాజ్యమున ఆయన ఆదిహిందువు అను పేరుకై కృషి చేసెను. 1931 జనాభా లెక్కలలో ప్రభుత్వము ఆ పేరును గైకొన్నది.

ఆ యేడే ఆయన భాగ్యనగర్ అను పత్రికను నెలకొల్పెను. అప్పటికి మొదటి బడులలో చదివిన పిల్లలు పెరిగి పెద్దవారై యుండిరి. చదువురాని తండ్రికి కొడుకు పత్రిక చదివి వినిపింపగల కాలము వచ్చినది. 1934 నాటికి ఆదిహిందూ పాఠశాలలు 26 అయ్యెను. వాటిలో సుమారు 2,500 మంది బాలబాలికలు చదువుచుండిరి. హరికథ వినవచ్చిన వాడలలో ఒక్క తరము తిరుగకమున్నే జరిగిన మార్పు ఇది. అటుపిమ్మట ప్రభుత్వము ఆ పాఠశాలలను తన యాజమాన్యము క్రిందికి తీసికొన్నది. విరాళములపై ఆధారపడిన ఉపాధ్యాయులకు దాన జీతము నిలుకడయైనది. ప్రభుత్వము జీతము నీయగలదు గాని, సందెవేళ వాడలోనికి పోయి, బిడ్డ నిన్న బడికి రాలేదేమని తల్లి నడుగుట ఉపాధ్యాయుని వంతే.

వర్మ చివరి యేండ్లలో బుద్ధుని బోధలయందు మిక్కిలి ఆదరము చూపెను. బుద్ధ జయంతిని జరిపించెను. కుమారునకు గౌతముడని పేరు పెట్టుకొనెను. 1939వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన ఆయన కన్నుమూసెను. అప్పటికి ఆయనకు ఏబదియొకటవ యేడు నిండలేదు. చాదరుఘాటులో ఆయన కట్టించిన ఆదిహిందూ భవనము, ఇసామియా బజారులో మొదలైన బడి, వాడలలో చదువుకొన్న మొదటి తరము ఆయన వెనుక మిగిలినవి.