తాన్నా దీవిలో పేటన్ దొరగారి ఇల్లు

జాన్ పేటన్ దొరగారు 1824లో స్కాట్లండులోని డంఫ్రీస్ పట్టణం దగ్గర ఒక బీద కుటుంబంలో జన్మించారు. తండ్రి మేజోళ్లు నేసి పిల్లలను పోషించిన భక్తిపరుడు. పేటన్‌గారు గ్లాస్గో నగరంలో పది సంవత్సరాలు బీదల పేటలలో సువార్త పనిచేసి, 1858లో గురువుగా అభిషేకం పొంది, భార్య మేరీ ఆన్ దొరసానితో పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ హెబ్రిడీస్ దీవులకు ఓడ ఎక్కారు. 1980లో స్వాతంత్ర్యం పొందిన వనువాటు దేశం ఇదే. ఆ దీవులలో ఒకటైన ఎర్రొమాంగాలో జాన్ విలియమ్స్ మిషనెరీగారు 1839లో హతసాక్షి అయిన సంగతి ఎరిగియే వెళ్లారు.

ఆ సంవత్సరం నవంబరు 5న తాన్నా దీవిలో దిగారు. అగ్నిపర్వతం దాపున ఉన్న రేవు అది. సముద్రపు ఒడ్డునే, పోటు నీటికి కొంచెం ఎగువన, పగడపు సున్నంతో ఇల్లు కట్టుకున్నారు. వెనుక కొండ అడ్డం. గాలి తగలదు, నేల చెమ్మ. దిగే రేవుకు దగ్గరని తలచారే గాని, ఆ ఊరివారు ఎక్కడ నిద్రిస్తారో అడుగలేదు. అడుగుదామన్నా భాష రాదు గదా! ఒకనాడు ఇద్దరు మనుష్యులు తమ సామానులలో ఒక వస్తువును చూపి ఒకరినొకరు ఏదో అడుగుకోవడం విని, ఇదేమిటి అనే ప్రశ్న అదే అయి ఉండునని ఊహించారు. అది మొదలు కనబడిన ప్రతిదానికీ ఆ మాటే వేసి, వచ్చిన జవాబులు వ్రాసుకున్నారు. ఆయనకు బడి అదే.

1859 ఫిబ్రవరి 12న కుమారుడు పుట్టాడు. మార్చి 3న దొరసాని చలిజ్వరంతో ప్రభువునందు నిద్రించారు. మరి పదిహేడు దినాలకు పసివాడు. ఇంటి ప్రక్కనే తన చేతులతో సమాధి త్రవ్వి, పగడపు రాళ్లు పేర్చారు.

ఆయనకే పద్నాలుగు మార్లు జ్వరం వచ్చాక, ఒక వృద్ధ నాయకుడు వచ్చి, ఇంత పల్లంలో తమవారు ఎవరూ పడుకోరనీ, గాలి తగిలే కొండమీదికి పోకపోతే చస్తావనీ చెప్పాడు. పేటన్‌గారు కొండ ఎక్కబోయి దారిలో పడిపోతే, అనీటియం దీవి నుండి వచ్చిన అబ్రాహాము అను విశ్వాసి మోసుకొని పోయాడు. పైన కొత్త ఇల్లు లేచింది, ఒళ్లు కుదుటపడింది. ఆ నాయకుడు ఇంకా విగ్రహారాధికుడే. అయినా ఆ దినాన గురువు ఆయనే అని నాకు తోచును.

1862లో శత్రువుల చేత తాన్నా విడువవలసి వచ్చింది. 1866లో రెండవ భార్య మార్గరెట్ దొరసానితో పొరుగుననున్న అనీవా దీవి చేరారు. ఈసారి ఊరివారు చూపిన దిబ్బ మీదనే ఇల్లు వేశారు. ముట్టుకొన్నవాడు చచ్చునని వారి నమ్మకం, అందుకే చూపించారు! త్రవ్వితే మనుష్యుల ఎముకలు గంపలతో వచ్చాయి. అయితే చోటు మాత్రం ఆరోగ్యమైనది. అక్కడే ముప్పై అడుగులకు పైగా బావి త్రవ్వగా మంచినీళ్లు పడ్డాయి. భూమిలోనుండి వాన వస్తుందా అని నవ్విన నమకేయ్ నాయకుడు తరువాతి ఆదివారం తానే ప్రసంగించాడు.

పేటన్‌గారు 1907లో మెల్బోర్న్‌లో నిద్రించారు. మేరీ ఆన్ దొరసానీ, బిడ్డా తాన్నా ఒడ్డునే ఉన్నారు.