జెరెమీ షేకర్లీ: సూరత్‌లో టెలిస్కోప్‌తో బుధుడిని చూసిన ఇంగ్లిష్ యువకుడు

1651 నవంబరు 3. మొఘల్ చక్రవర్తి షాజహాన్ ఏలుబడిలోని రేవు పట్టణం సూరత్. అక్కడ పాతికేళ్ల ఇంగ్లిష్ యువకుడొకరు సూర్యబింబం మీద చిన్న నల్లచుక్కను టెలిస్కోప్‌తో చూశారు. ఆ చుక్క బుధ గ్రహం. ఆయన పేరు జెరెమీ షేకర్లీ. భారత్‌లో ఖగోళ పరిశీలనకు టెలిస్కోప్ వాడినట్లు నమోదైన తొలి సందర్భాల్లో ఇదొకటి.

ఎవరీ షేకర్లీ?

1626లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పుట్టారు. అంతర్యుద్ధ కాలం, చేతిలో డబ్బు లేదు. ఆదరించమని లండన్ జ్యోతిష్కుడు విలియం లిల్లీకి ఉత్తరాలు రాశారు. తర్వాత లాంకషైర్‌లో టౌన్లీ కుటుంబం అండగా నిలిచింది.

1639లో సూర్యుడికి అడ్డంగా సాగిన శుక్రుడిని చూసిన జెరెమయా హారక్స్ 22 ఏళ్లకే చనిపోయారు. అచ్చుకాని ఆయన రచనల విలువను మొదట గుర్తించిన వారిలో షేకర్లీ ఒకరు. విన్సెంట్ వింగ్ పుస్తకంలో తప్పులను ఎత్తిచూపుతూ 1649లో ఆయన ఓ పుస్తకం కూడా ప్రచురించారు.

సూరత్‌లోనే ఎందుకు?

బుధ సంక్రమణం 1651లో వస్తుందని షేకర్లీ ముందే లెక్కగట్టారు. అయితే ఆ సమయానికి ఇంగ్లండ్‌లో రాత్రి. సూరత్‌లో పగలు. ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం కూడా అక్కడే ఉంది.

సంక్రమణంలో బుధుడి బింబం వెడల్పు సూర్యబింబంలో దాదాపు 190వ వంతు మాత్రమే. మామూలు కంటికి ఆనదు. టెలిస్కోప్ వచ్చాకే ఈ దృశ్యం మనిషికి దక్కింది. అంతకుముందు, 1631లో పారిస్‌లో గాసెండీ దీన్ని చూశారు. కెప్లర్ లెక్కలు నిజమని అప్పుడే తేలింది.

దక్కిందేమిటి?

బుధుడు సూర్యబింబంలోకి ప్రవేశించిన సమయాన్ని గానీ, బయటికి వెళ్లిన సమయాన్ని గానీ షేకర్లీ నమోదు చేయలేకపోయారు. గ్రహ గమనాన్ని సరిదిద్దడానికి కావాల్సింది ఆ సమయాలే. అందుకే ఆ పరిశీలన శాస్త్రానికి పెద్దగా అక్కరకు రాలేదు.

1652లో ఆయన ఇక్కడి నుంచే తోకచుక్కనూ చూశారు. ఆయన ఖగోళ పట్టికలు 1653లో లండన్‌లో అచ్చయ్యాయి. 1655 ప్రాంతంలో, ముప్పై ఏళ్లు కూడా నిండకుండానే, భారత్‌లోనే కన్నుమూశారని భావిస్తున్నారు.

సూరత్ పరిశీలన మాత్రం మరుగున పడిపోలేదు. 1669లో వెలువడిన ఓ ఖగోళ గ్రంథం దాన్ని నమోదు చేసింది. ఆ గ్రంథకర్త మరెవరో కాదు, ఒకప్పుడు షేకర్లీ తప్పులు పట్టిన విన్సెంట్ వింగే.