యంత్రములకు ఉమ్మడి భాష నేర్పిన గ్రేస్ హాపర్

మన కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతములలో ఇంట తెలుగును, అంగడిలో తమిళమును మాటలాడు కుటుంబములు పెక్కు కలవు. ఒక భాషలోని మాటను వేరొక భాషలో పొరపాటు లేక చెప్పుట యెంత కష్టమో మన మెఱుగుదుము. కంప్యూటర్లకును ఇట్టి కష్టమే కలదు. దానిని తీర్చుటకై పాటుపడిన అమెరికా విదుషీమణి గ్రేస్ హాపర్ చరిత్రను తెలిసికొందము.

ఈమె 1906 డిసెంబరు 9వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. బాల్యమున గడియార మెట్లు నడచునో తెలియగోరి, ఇంటిలోని ఏడు గడియారములను వరుసగా విప్పివేసెను. తల్లి ఆ కుతూహలమును అణచివేయక, ఇకమీదట ఒక్కదానినే విప్పవలెనని నియమించెను. 1934లో యేల్ విశ్వవిద్యాలయమున గణితశాస్త్రమునందు డాక్టరు పట్టము నొంది, వాసర్ కళాశాలలో బోధించెను. యుద్ధకాలమున వయస్సు మించినదనియు, బరువు చాలదనియు ఆటంకములు కలిగినను పట్టు విడువక, 1943లో నౌకాదళపు రిజర్వులో చేరెను. మరుసటి యేడు హార్వర్డునందలి మార్క్ 1 అను గణనయంత్రము చెంత నియమింపబడెను. ఆ యంత్రము పొడవు 51 అడుగులు.

1947 సెప్టెంబరు 9న అచటి మార్క్ 2 యంత్రము సరిగా పనిచేయలేదు. వెదకి చూడగా ఒక రిలేలో చిక్కుకొన్న రెక్కలపురుగు దొరకెను. పనివారు దానిని దినచర్య పుస్తకమున అంటించి, సంగతిని వ్రాసియుంచిరి. యంత్రదోషమును బగ్, అనగా పురుగు, అని పిలుచుట ఇంజనీర్లలో అంతకుముందే కలదు. పురుగును పట్టినది హాపర్ కాకున్నను, ఈ కథను లోకమునకు చాటినది ఆమెయే.

ఆ దినములలో ఒక యంత్రమునకై వ్రాసిన ప్రోగ్రాము వేరొక యంత్రమున నడువకుండెను. 1952లో హాపర్ తొలి కంపైలరును సిద్ధపరచెను. పిదప ఇంగ్లీషు మాటలతో ఆజ్ఞల నిచ్చు పద్ధతిని రూపొందించెను. దాని ఆధారముగా కోబాల్ భాష వెలసెను. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రాము, స్వల్పమైన మార్పులతో, రెండు వేర్వేరు సంస్థల యంత్రములపై నడచెను. అయినను ఉత్పత్తిదారులు ఆ భాషను తమతమ రీతుల మార్చుకొనుటచే చిక్కులు మరల తలెత్తెను. 1967లో నౌకాదళము ఆమెను తిరిగి పిలిపించెను. అచట ఆమె, ఎవరి కోబాల్ నియమములకు లోబడియున్నదో తేల్చు పరీక్షా ప్రోగ్రాములను తయారుచేయించెను.

1986లో, 79 ఏండ్ల ప్రాయమున, రియర్ అడ్మిరల్ హోదాలో పదవి విరమించి, 1992 జనవరి 1న దివంగతురాలయ్యెను.

నేడు మనము తెలుగున వ్రాసిన ఫైలు వేరొక కంప్యూటరులో ఉత్త గళ్ళుగా కనబడినచో, యంత్రము చెడినదని విసుగుకొనరాదు. ఆ కంప్యూటరునందు తెలుగు ఫాంటు కలదా? రెండు కంప్యూటర్లును అక్షరములకు ఒకే యూనికోడ్ సంకేతముల నుపయోగించుచున్నవా? ఇట్లు ఒక్కొక్కటిగా పరీక్షించి, కనుగొన్నదానిని వ్రాసియుంచుకొనవలెను. గడియారములు విప్పిన ఆ బాలికనుండి మనము నేర్వవలసినది ఈ ఓర్పే.