టేపు దగ్గర ఆగిపోని ఉయెషిబా

కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నారా? అయితే 167.6 అనే అంకె మీకు కంఠతా వచ్చే ఉంటుంది. మగవాళ్లకు మామూలుగా అడిగే ఎత్తు అది, సెంటీమీటర్లలో. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం గ్రౌండ్లలో తెల్లారకముందే పరుగు తీసేవాళ్లలో, ప్రిలిమ్స్ పాసై కూడా టేపు దగ్గర ఆగిపోయినవాళ్లు ఉంటారు. మీరూ అలా ఆగిపోయి ఉంటే మొరిహెయ్ ఉయెషిబా గురించి తెలుసుకోండి. ఐకిడో అనే జపాన్ యుద్ధవిద్యకు ఆద్యుడు ఆయనే.

1883 డిసెంబర్ 14న తనాబె అనే ఊళ్లో పుట్టారు. చిన్నప్పుడు బక్కపల్చగా ఉండి, తరచూ జబ్బు పడేవారు. స్కూల్ చదువు మధ్యలోనే ఆపేసి, అబాకస్ లెక్కలు నేర్చుకుని పన్నుల ఆఫీసులో చేరారు. అంటే గవర్నమెంటు ఉద్యోగమే! కానీ చేపల వేట మీద వచ్చిన కొత్త చట్టం మత్స్యకారుల పొట్ట కొడుతోందని, వాళ్ల పక్షాన నిలబడి ఆ ఉద్యోగం వదిలేశారు. తర్వాత టోక్యోలో స్టేషనరీ వ్యాపారం పెట్టారు. బెరిబెరి జబ్బు రావడంతో అదీ ఆపేసి ఇంటికొచ్చారు.

ఆ తర్వాత సైన్యానికి వెళ్లారు. ఐదడుగుల రెండంగుళాలకు కాస్త తక్కువ ఉన్నారని తిప్పి పంపారు. కాళ్లకు బరువులు కట్టుకుని చెట్టుకొమ్మలకు వేలాడి, మళ్లీ వెళ్లి 1903లో సెలెక్ట్ అయ్యారని ఆయన జీవితచరిత్రల్లో ఉంటుంది. ఆ ప్రయోగం మాత్రం మీరు చేయొద్దు. రష్యాతో జరిగిన యుద్ధంలో పనిచేసి తిరిగొచ్చారు.

1912లో 54 కుటుంబాలను వెంటబెట్టుకుని ఉత్తరాన హొక్కైడో దీవిలోని షిరతాకికి వెళ్లి, అడవి కొట్టి ఊరు కట్టారు. ఆ చాకిరీతో ఒళ్లు ఉక్కులా మారింది. 1915లో అక్కడే తకెదా సొకాకు అనే జుజుత్సు గురువు తారసపడ్డారు. ఆయన ఇంకా పొట్టి. అయినా ఉయెషిబా బలం ఆయన ముందు పనిచేయలేదు. అప్పటికి ఉయెషిబాకు 31 ఏళ్లు. వెంటనే శిష్యుడిగా చేరిపోయారు.

1920లో తండ్రి పోయారు. అదే ఏడాది ఇద్దరు చిన్న కొడుకులూ పోయారు. ఆ రోజుల్లో దెగుచి ఒనిసబురో అనే మతగురువు దగ్గరికి చేరారు. గెలవడం కన్నా ఘర్షణను ఆపడమే యుద్ధవిద్య పని అన్న నమ్మకం ఆయనలో క్రమంగా బలపడింది.

ఇందులో మెకానిక్స్ కూడా ఉంది. మీకన్నా బరువున్నవాడు మీదికొస్తున్నాడనుకోండి. ఎదురు తోస్తే అతనిదే గెలుపు. ఒక అడుగు పక్కకు వేసి, అతను వచ్చే దిశలోనే మీరూ తిరిగితే, అతని మొమెంటమే అతని బ్యాలెన్స్ తప్పిస్తుంది. ఇలా తిరగడాన్ని ‘తెంకన్’ అంటారు. దెబ్బ దారి తప్పించి లోపలికి చొచ్చుకెళ్లడం ‘ఇరిమి’.

1931లో టోక్యోలో పెద్ద శిక్షణశాల కట్టారు. ఐకిడో అన్న పేరు స్థిరపడింది 1942లో, అంటే ఆయనకు 58 ఏళ్లప్పుడు. ఆ ఏడాదే ఇవామా అనే పల్లెకు వెళ్లి సేద్యం చేస్తూ సాధన సాగించారు. జపాన్ ఓడిపోయాక యుద్ధవిద్యల మీద నిషేధం వచ్చింది. 1948లో ఆయన సంస్థ ఐకికాయ్‌కి ప్రభుత్వ గుర్తింపు దక్కింది. 1969 ఏప్రిల్ 26న, 85 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఒక్క మాట దాచకూడదు. ఉయెషిబా తండ్రి ఉన్నవాడు. టోక్యో వ్యాపారానికి డబ్బు ఇంటి నుంచే వచ్చింది. మగ్గం మీద బతికే ధర్మవరం ఇంట్లో పిల్లలకు అన్ని ప్రయోగాలు చేసే తీరిక ఉండదు. కాబట్టి ఆయన్ని చూసి చేతిలో ఉన్న పని మానేయమని చెప్పను.

ఆయన నుంచి ఆ పక్క అడుగు తీసుకోండి చాలు. కానిస్టేబుల్ పరీక్షకు చదివిన అరిథ్‌మెటిక్, రీజనింగ్ ఎక్కడికీ పోవు. బ్యాంకు క్లర్క్ పరీక్షలోనూ అవే అడుగుతారు, అక్కడ ఎత్తు కొలవరు. ఇన్నాళ్లూ తెచ్చుకున్న వేగాన్ని అటు తిప్పండి.

ఐకిడో నేర్చుకోవాలనుంటే బెంగళూరులో క్లాసులున్నాయి, మన రైలు మార్గంలోనే. పోటీలు, మెడల్స్ కోసం మాత్రం వెళ్లకండి. ఐకికాయ్ పద్ధతిలో అవి ఉండవు. చేరగానే మొదట నేర్పేది దెబ్బ తగలకుండా కింద పడటం, పడి లేవడం.