నేతాజీ చివరి విమానం

మిలిటరీ డ్రస్సు, గుండ్రటి కళ్ళద్దాలు, తలమీద టోపీ. ఈ ఫోటో ఎవరిదో తెలియని విద్యార్థి మన స్కూల్లో ఉండడు. జనవరి 23 వచ్చిందంటే పూలదండ వేసి జైహింద్ అంటాము. పుట్టినరోజు ఎప్పుడని అడిగితే ఆరో తరగతి వాళ్ళు కూడా టక్కున చెప్పేస్తారు. మరి చనిపోయిన రోజు? అక్కడే గొడవ మొదలవుతుంది. విమాన ప్రమాదం అని ఒకరంటారు, అసలు చనిపోనేలేదని ఇంకొకరు, సాధువై తిరిగాడని మరొకరు. అందుకే ఈ సంచికలో నేతాజీ జీవితం రాస్తూ, ఆ చివరి విమానం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదామనుకున్నాను.

సుభాష్ చంద్రబోస్ గారు 1897లో కటకంలో పుట్టారు. కటకం మన పక్క రాష్ట్రం ఒరిస్సాలోనిదే. తండ్రి జానకీనాథ్ బోస్ పేరున్న వకీలు. పద్నాలుగు మంది పిల్లల్లో ఈయన తొమ్మిదో వారు. ఇంకో సంగతి గమనించారా? మన అల్లూరి సీతారామరాజు గారు పుట్టింది కూడా 1897లోనే. ఇద్దరూ ఒక ఈడు వాళ్ళు. ఆయన ఈ కొండల్లో విల్లంబులతో పోరాడితే, ఈయన సముద్రాలు దాటి సైన్యాన్ని నడిపారు.

చదువులో మహా దిట్ట. ఇంగ్లండు వెళ్ళి 1920లో ఐ.సి.ఎస్. పరీక్షలో నాలుగో ర్యాంకు తెచ్చుకున్నారు. అంటే కలెక్టరు ఉద్యోగం చేతిలో ఉన్నట్టే. మరుసటి ఏడాదే రాజీనామా ఇచ్చి ఇంటికొచ్చేశారు. తర్వాత కాంగ్రెసు, జైలు, మళ్ళీ కాంగ్రెసు, మళ్ళీ జైలు. బర్మాలోని మాండలే జైల్లో కూడా పెట్టారు. 1930లో కలకత్తా మేయరయ్యారు. 1938లో కాంగ్రెసు అధ్యక్షుడయ్యారు. 1939లో రెండోసారి పోటీ చేసినప్పుడు ఎదుట నిలబడ్డది మన తెలుగువారే, మచిలీపట్నం డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు. పట్టాభి గారి వెనక గాంధీగారున్నా బోసుకు 1580 ఓట్లు, పట్టాభి గారికి 1377 వచ్చాయి. గెలిచినా ఆ కుర్చీలో కూర్చోనివ్వలేదు. కొన్ని నెలలకే రాజీనామా చేసి ఫార్వర్డ్ బ్లాక్ పెట్టుకున్నారు.

1941 జనవరిలో కలకత్తాలో ఇంటి చుట్టూ పోలీసుల కాపలా ఉండగానే, పఠాను వేషం వేసుకుని అర్ధరాత్రి కారులో తప్పించుకున్నారు. పెషావరు, కాబూలు మీదుగా జర్మనీ చేరారు. ఈ కథ మీరు పాఠంలో చదివే ఉంటారు కాబట్టి పొడిగించను.

ఆయన జర్మనీలో ఉండగా 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ జపానుతోనే తర్వాత ఆయన చేయి కలిపారు. శత్రువుకి శత్రువు మనకు మిత్రుడన్నది ఆయన లెక్క. ఆ లెక్క పూర్తిగా సరైనదని నేననను. అండమానులో జపాను సైనికులు మన జనాన్ని పెట్టిన బాధలు చదివితే అనబుద్ధి కాదు. ఆయన ధైర్యానికి మాత్రం వంక పెట్టలేము.

1943 ఫిబ్రవరిలో జర్మనీ నుంచి జలాంతర్గామి ఎక్కారు. అప్పటికి ఆయన కూతురు అనితకు మూడు నెలలు కూడా నిండలేదు. ఆ పాపను మళ్ళీ చూడనేలేదు. జలాంతర్గామిలో ఆయన వెంట ఉన్న భారతీయుడు ఒక్కరే, హైదరాబాదుకు చెందిన ఆబిద్ హసన్ గారు. జైహింద్ అన్న పలకరింపు ఈయన ఆలోచనే అంటారు. మడగాస్కరు దగ్గర నడిసముద్రంలో రబ్బరు పడవ మీద జపాను జలాంతర్గామిలోకి మారారు. జులైలో సింగపూరులో ఆజాద్ హింద్ ఫౌజు పగ్గాలు తీసుకున్నారు. మలయా తోటల్లో, రంగూనులో కూలికి వెళ్ళిన తమిళులూ తెలుగువాళ్ళూ కూడా ఆ ఉద్యమంలో కలిశారు. 1944లో ఇంఫాలు, కోహిమా దాకా వచ్చారు. వానలు, ఆకలి, మలేరియా. మలేరియా అంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా? అక్కడ తూటాకి పోయినవాళ్ళ కంటే జ్వరానికీ ఆకలికీ పోయినవాళ్ళే ఎక్కువ. సైన్యం వెనక్కి తిరిగింది.

1945 ఆగస్టు 15న జపాను లొంగిపోతున్నట్టు ప్రకటించింది. నేతాజీ రష్యావాళ్ళ సాయం అడగాలనుకున్నారు. సింగపూరు నుంచి బాంకాకు, అక్కడి నుంచి 17వ తేదీన సైగాను చేరారు. సైగానులో జపాను అధికారులు విమానంలో ఒక్కటే చోటుందన్నారు. బతిమాలగా రెండు ఇచ్చారు. వెంట వచ్చినవారిలో కర్నల్ హబీబుర్ రహమాన్‌ను మాత్రం తీసుకెళ్ళారు. జలాంతర్గామిలో మూడు నెలలు తోడున్న ఆబిద్ హసన్ గారు నేలమీదే ఉండిపోయారు. ఆ రోజు ఆయన మనసెలా ఉండి ఉంటుందో.

ఇక ఆ విమానం సంగతి. అది మనుషులు ప్రయాణం చేసే విమానం కాదు, బాంబులు వేసేది. మిత్సుబిషి కంపెనీ చేసిన రెండింజన్ల బాంబరు. జపానువాళ్ళు దాన్ని 97 రకం అనేవారు. వాళ్ళ పాత పంచాంగం ప్రకారం మన 1937వ సంవత్సరం వాళ్ళకు 2597. అందులోని చివరి రెండంకెలే ఆ 97. యుద్ధం ముగిసేనాటికి అది పాతబడిన రకం. అందులో సీట్లుండవు, నేలమీద సర్దుకుని కూర్చోవాలి. నేతాజీ కూర్చున్న చోటు పక్కనే పెట్రోలు ట్యాంకు. ఎక్కినవాళ్ళు పన్నెండు పదమూడు మంది, పైన సామాను. సంతరోజు మన జీపు గుర్తొస్తోంది కదూ?

సైగానులో సాయంత్రం లేచినప్పుడే బరువుకి ఆపసోపాలు పడింది. రాత్రికి టూరేనులో (ఇప్పుడు దనాంగ్ అంటున్నారు) దిగాక బరువు తగ్గించడానికి మరతుపాకులు, తూటాలు తీసేశారు. 18వ తేదీ మధ్యాహ్నానికి ఫార్మోసా దీవిలోని తైహోకు చేరింది. ఫార్మోసా అంటే ఇప్పటి తైవాన్, తైహోకు అంటే తైపే. అక్కడ పెట్రోలు పోశారు. ఎడమ ఇంజను అదురుతున్నట్టు కనిపిస్తే చూసి సరిచేశారు. సుమారు రెండున్నరకు మళ్ళీ లేచింది.

ఇంకా బాగా పైకి పోకముందే పెద్ద చప్పుడు. ఎడమ ఇంజను, దాని పంకాతో సహా, ఊడి కిందపడింది. కావిడి మోసేవాడికి ఒకవైపు బుట్ట తెగిపడితే ఏమవుతుందో ఆలోచించండి. రెండోవైపు బరువు మనిషినే లాగేస్తుంది. రెండింజన్ల విమానం కూడా అంతే. ఎత్తులో ఉంటే ఒక ఇంజనుతో ఎలాగో సర్దుకుని దిగవచ్చు. నేలకు దగ్గరగా, నిండు బరువుతో, నిండు పెట్రోలుతో ఉన్నప్పుడు సర్దుకోవడానికి టైము లేదు. కుడివైపు ఒరిగి నేలను గుద్దుకుని రెండు ముక్కలై అంటుకుంది. పైలటు, జపాను జనరల్ షిదేయి అక్కడికక్కడే పోయారు. వెనక తలుపుకి సామాను అడ్డం పడింది. నేతాజీ ముందువైపు నుంచి మంటల్లోనే బయటకొచ్చారు. పెట్రోలు ఒంటిమీద పడి ఉండడంతో బట్టలు అంటుకున్నాయి. హబీబుర్ రహమాన్ తన చేతులతో ఆర్పబోయి చేతులు కాల్చుకున్నారు. మిలిటరీ ఆసుపత్రిలో డాక్టరు యోషిమి ఎంత చేసినా నిలబడలేదు. ఆ రాత్రే ప్రాణం పోయింది. వయసు 48.

ఆ యుద్ధంలో పెద్దవాళ్ళు ఇలాంటి విమానాల్లో పోవడం కొత్త కాదు. వేగంగా వెళ్ళాలంటే చేతికి దొరికేది బాంబరే. జపాను నౌకాదళాధిపతి యమమోటో 1943 ఏప్రిల్ 18న రెండింజన్ల బాంబరులో వెళుతుండగా అమెరికావాళ్ళు కాల్చి కూల్చారు. ఇంగ్లీషువాళ్ళ జనరల్ వింగేటు 1944 మార్చి 24న ఇంఫాలు నుంచి రెండింజన్ల మిచెల్ బాంబరులో బయలుదేరితే అది కొండల్లో కూలి అందరూ పోయారు. అప్పుడు అదే ఇంఫాలు మీదికి నేతాజీ సైన్యం వస్తోంది.

నేతాజీ పోయారన్న వార్తను 23వ తేదీకి గాని జపాను రేడియో చెప్పలేదు. చనిపోయాక తీసిన ముఖం ఫోటో లేదు. జనం ఎలా నమ్ముతారు? ఇంతకుముందు కూడా పోలీసు కాపలా మధ్య మాయమై బెర్లినులో తేలిన మనిషాయె. 1956లో షానవాజ్ ఖాన్ కమిటీ బ్రతికి బయటపడినవాళ్ళను విచారించి ప్రమాదం నిజమే అంది. కమిటీలో ఉన్న నేతాజీ అన్నగారే ఒప్పుకోలేదు. 1974లో ఖోస్లా కమిషను నిజమే అంది. 2005లో ముఖర్జీ కమిషను కాదంది, ప్రభుత్వం ఆ నివేదికను తోసిపుచ్చింది. 2016లో పాత ఫైళ్ళు విప్పి జనానికి చూపించారు. జపాను ప్రభుత్వం 1956లో చేసిన విచారణ కూడా అప్పుడే బయటకొచ్చింది. అదీ ప్రమాదమనే చెప్పింది.

చూసినవాళ్ళ మాటల్లో గంటలూ తేదీలూ కొంచెం కలవవు. కానీ విమానం, ఇంజను, మంట, ఆసుపత్రి అందరి మాటల్లోనూ ఒక్కటే. డాక్టరు చెప్పిందీ, కాలిన చేతులతో తిరిగొచ్చిన హబీబుర్ చెప్పిందీ సరిపోతున్నాయి. అందుకని నేను ప్రమాదమే నమ్ముతున్నాను. నమ్మనివాళ్ళ మీద కోపం మాత్రం లేదు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర అల్లూరిని కాల్చేశాక, అది ఆయన కాదు, రాజుగారు తప్పించుకున్నారని చెప్పుకున్నవాళ్ళు మన కొండల్లోనూ ఉన్నారు. అలా చెప్పుకున్నది ఆయనంటే ప్రాణం పెట్టినవాళ్ళే.

తైహోకులో దహనం చేశాక అస్థికలను ఆ సెప్టెంబరులో టోకియో తీసుకెళ్ళి రెంకోజీ అనే చిన్న బౌద్ధ దేవాలయంలో ఉంచారు. మూడు నెలలైనా నిండకుండా వదిలివెళ్ళిన ఆ పాప ముసలావిడ అయ్యింది. వాటిని ఇండియాకు తెప్పించమని అడుగుతూ వచ్చింది. అవి ఇంకా రెంకోజీలోనే ఉన్నాయి.